పాత హార్డ్ డిస్కు చేతికందిన రోజు నుంచి: ఎలక్ట్రానిక్ రికార్డులను భద్రపరిచే పద్ధతి

ఒక సాహితీ సంస్థ మూతపడినప్పుడో, ఒక సహకార సంఘం కార్యాలయం మారినప్పుడో, ఒక సంపాదకుడు కన్నుమూశాక ఆయన పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడో, ఆర్కైవ్స్‌కు కాగితాల కట్టలతో పాటు ఇప్పుడు ఒక అట్టపెట్టె కూడా వస్తోంది. అందులో నాలుగైదు సీడీలు, రెండు పెన్‌డ్రైవులు, పాత కంప్యూటరు నుంచి విప్పి తీసిన హార్డ్ డిస్కు ఉంటాయి. కాగితాల కట్ట వస్తే ఏం చేయాలో మనకు అలవాటే: దుమ్ము దులుపుతాం, తుప్పు పట్టిన పిన్నులు తీస్తాం, ఆమ్లరహిత కవర్లలో పెడతాం, జాబితా రాస్తాం. అట్టపెట్టె దగ్గరకు వచ్చేసరికి మాత్రం కంప్యూటరు తెలిసినవారెవరినైనా పిలుస్తాం. వారు అన్నిటినీ ఒక పెద్ద డిస్కులోకి కాపీ చేసి ఇచ్చి వెళ్తే పని పూర్తయిందనుకుంటాం. చాలా నష్టాలు ఆ కాపీతోనే మొదలవుతాయి.

కాగితం మీద ఎవరైనా ఒక తేదీని దిద్దితే సిరా రంగులోనో, గీకిన చోటనో దాని జాడ మిగులుతుంది. ఎలక్ట్రానిక్ రికార్డును దిద్దితే పైకి ఏ జాడా కనబడదు. అందువల్ల ఆ రికార్డు మన దగ్గరకు ఎలా వచ్చిందో, వచ్చాక దానికి మనం ఏమేం చేశామో మనమే రాసి ఉంచాలి. ముప్పై ఏళ్ల తర్వాత ఒక పరిశోధకురాలు ఆ పత్రం తెరిచి "ఇది అసలుదేనని నమ్మకమేమిటి?" అని అడిగితే, ఆ రాత ఒక్కటే సమాధానం చెబుతుంది. చిన్న సంస్థల్లో ఒకరిద్దరే సిబ్బందిగా ఉండి, పెద్ద బడ్జెట్ లేకుండా ఈ బాధ్యత మోస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని కింది అడుగులు రాస్తున్నాను.

మొదటి అడుగు: పెట్టె రాకముందే మాట్లాడండి

వీలైతే ఆ కంప్యూటరు ఇంకా దాని బల్ల మీద ఉన్నప్పుడే వెళ్లి చూడండి. ఎవరు వాడేవారు, ఏ సంవత్సరం కొన్నారు, ఏ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసేవారు, తెలుగుకు ఏ కీబోర్డు, ఏ ఫాంటు వాడేవారు, సంకేతపదాలు ఏమైనా ఉన్నాయా అని అడిగి రాసుకోండి. ముఖ్యంగా టైపు చేసిన మనిషితో మాట్లాడండి. రచయిత కంటే, కార్యదర్శి కంటే, ఎక్కడ ఏముందో ఆ మనిషికే బాగా తెలుసు. ఆరు నెలలు ఆగితే ఆ సంకేతపదం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు చాలా సంఘాల నిర్ణయాలు మినిట్స్ పుస్తకంలో కాక వాట్సాప్ గ్రూపుల్లోనే జరిగిపోతున్నాయి. గ్రూపులో 'ఎక్స్‌పోర్ట్ చాట్' సదుపాయంతో సంభాషణను పాఠ్య రూపంలో తీసుకోవచ్చు. అయితే వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోల పరిమాణం తగ్గిపోతుంది, కెమెరా రాసిన తేదీ, స్థలం వంటి వివరాలూ పోతాయి. కాబట్టి ముఖ్యమైన ఫొటోలను తీసినవారి ఫోను నుంచి నేరుగా అడిగి తీసుకోండి.

ఆ తర్వాత రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. హక్కులు ఎవరివి, ఏవి ఎప్పటి వరకు మూసి ఉంచాలి, తొలగించిన దస్త్రాలు డిస్కులో బయటపడితే ఏం చేయాలి అనే మూడు విషయాలూ అందులో ఉండాలి. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. డిస్కులో తొలగించినదంతా నిజంగా చెరిగిపోదని, మన పరికరాలకు అది కనబడవచ్చని ఇచ్చేవారికి ముందే చెప్పడం న్యాయం.

కేంద్ర ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థల రికార్డులైతే 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం, 1997 నాటి దాని నిబంధనలు వర్తిస్తాయి. కంప్యూటరు ద్వారా తయారైన సామగ్రి కూడా పబ్లిక్ రికార్డేనని ఆ చట్టం నిర్వచనంలోనే ఉంది. పాతికేళ్లు దాటిన రికార్డుల విలువ నిర్ణయాన్ని జాతీయ అభిలేఖాగారంతో సంప్రదించి చేయాలని కూడా అది చెబుతుంది. కాగితానికి పాతికేళ్లు పెద్ద వయసేమీ కాదు. సీడీకి, హార్డ్ డిస్కుకు అది చాలా ఎక్కువ. కాబట్టి ఎలక్ట్రానిక్ రికార్డుల విషయంలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో అవి పుట్టిన కార్యాలయంలోనే, పుట్టిన కొద్ది కాలానికే నిర్ణయించి రాసి ఉంచమని పట్టుబట్టండి.

రెండో అడుగు: తెరవకండి, ముందు ప్రతిబింబం తీయండి

పెట్టె వచ్చాక ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య ఇచ్చి, రెండు వైపులా ఫొటో తీయండి. సీడీ మీద చేత్తో రాసిన "సంచిక ఫైనల్" వంటి మాటలను ఉన్నవి ఉన్నట్లే రాసుకోండి. సీడీ మీద కొత్తగా ఏమీ రాయకండి, అతికించకండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఒక పెన్‌డ్రైవును మామూలుగా విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే, మీరు ఏమీ చేయకపోయినా, దానిలో 'సిస్టం వాల్యూమ్ ఇన్ఫర్మేషన్' అనే ఫోల్డరు పుట్టుకు రావచ్చు. యాంటీవైరస్ తనంతట తానే ఒక దస్త్రాన్ని తీసేయవచ్చు. అంటే మీరు చూడకముందే రికార్డు మారిపోయింది. దీన్ని అడ్డుకోవడానికి 'రైట్ బ్లాకర్' అనే పరికరం ఉంది. దాని ద్వారా డిస్కును చదవవచ్చు గానీ, డిస్కు మీద రాయడం కుదరదు. కొనే స్తోమత లేకపోతే బిట్‌క్యూరేటర్ వాడండి. ఆర్కైవ్స్ కోసమే విశ్వవిద్యాలయాల్లో రూపొందిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం మీద నడుస్తుంది, డిస్కులను చదవడానికి మాత్రమే వీలుండేలా తెరుస్తుంది.

అలా తగిలించాక దస్త్రాలను కాపీ చేయకుండా మొత్తం డిస్కు ప్రతిబింబాన్ని, అంటే డిస్కును ఉన్నదున్నట్లు ఒకే దస్త్రంగా పట్టి ఉంచే 'డిస్క్ ఇమేజ్'ను తీయండి. గైమేజర్, ఎఫ్‌టీకే ఇమేజర్ అనే ఉచిత సాధనాలు ఈ పని చేస్తాయి. గీతలు పడిన సీడీలు మొరాయిస్తే రెండు వేర్వేరు డ్రైవుల్లో ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవలేనిదాన్ని మరొకటి చదవడం తరచూ జరిగేదే. పాడైన భాగాలను వదిలి మిగతాది ముందు తెచ్చుకుని, తర్వాత వాటి మీద మళ్లీ మళ్లీ ప్రయత్నించడానికి డీడీరెస్క్యూ అనే సాధనం ఉంది.

ప్రతిబింబం ఎందుకు, కాపీ చాలదా అని అడిగేవారికి ఒక చిన్న పరీక్ష చూపించండి. ఒక పాత దస్త్రాన్ని విండోస్‌లో ఒక చోటు నుంచి మరో చోటుకు కాపీ చేసి, దాని మీద కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' తెరవండి. చివరిసారి మార్చిన తేదీ 2004 అని, తయారైన తేదీ మాత్రం ఈ రోజు అని కనబడుతుంది. పుట్టకముందే ఇరవై ఏళ్ల క్రితం మార్పు జరిగినట్లు చెప్పే ఈ దస్త్రాన్ని రేపు ఎవరికి సాక్ష్యంగా చూపగలం?

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఈ వృత్తిలోకి వచ్చిన తొలి రోజుల్లో ఒక దివంగత రచయిత డిస్కు నాకు అందింది. ఒక నవల రెండు ప్రతులు అందులో ఉన్నాయి. అక్షరాలు సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూద్దామని రెండింటినీ తెరిచాను. మూసేటప్పుడు మార్పులు భద్రపరచమంటారా అని కంప్యూటరు అడిగితే అవునని నొక్కాను. ఆ తర్వాత ఏడాదికి, రెండింటిలో ఏది చివరిదో చెప్పమని ప్రచురణకర్త అడిగినప్పుడు, రెండింటి మీదా నేను తెరిచిన రోజు తేదీయే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు ఇక ఎవరి దగ్గరా లేదు. అప్పటి నుంచి ప్రతిబింబం తీసి, దాన్ని సరిచూసుకునే వరకు ఒక్క దస్త్రం కూడా తెరవను.

మూడో అడుగు: ప్రతి దస్త్రానికి చెక్‌సమ్

చెక్‌సమ్ అంటే దస్త్రంలోని మొత్తం సమాచారాన్ని లెక్కగట్టి తీసే ఒక గుర్తు, వేలిముద్ర లాంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాంకెల పొడవుంటుంది. మూడు వందల పేజీల పుస్తకంలో ఒక్క అరసున్న తీసేసినా ఆ వరుస గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. దస్త్రం పేరు మారిస్తే మాత్రం మారదు, ఎందుకంటే లెక్క లోపలి సమాచారానిది. దీని కోసం ఏమీ కొననక్కర్లేదు: విండోస్ పవర్‌షెల్‌లో 'గెట్-ఫైల్‌హాష్', లినక్స్‌లో 'షా256సమ్' అనే ఆదేశాలు సిద్ధంగా ఉంటాయి.

ప్రతిబింబం తీసిన వెంటనే దానికి, తర్వాత అందులోని ప్రతి దస్త్రానికి చెక్‌సమ్ తీసి, తేదీ, తీసినవారి పేరుతో సహా జాబితాగా ఉంచండి. కాగితం మీద కూడా ముద్రించి, సంతకం చేసి, చేరిక రిజిస్టరులో పెట్టమని నా సలహా. ఇది చట్టానికి కూడా సంబంధించిన విషయం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు సమర్పించేటప్పుడు ఇచ్చే ధ్రువపత్రంలో ఈ చెక్‌సమ్‌ను (చట్టం మాటల్లో 'హాష్ విలువ'), అది ఏ పద్ధతిలో తీసిందో నమోదు చేయాల్సిన చోటు ఉంది. భూమి తగాదాలోనో, సంఘం ఎన్నికల వివాదంలోనో మన దగ్గరి రికార్డు అవసరపడితే, చేరిన రోజునే రాసిన ఆ విలువ మాట నిలబెడుతుంది.

నాలుగో అడుగు: విడిగా ఉంచడం, గుర్తించడం

కొత్తగా వచ్చినదాన్ని ఇంటర్నెట్‌కు, కార్యాలయ నెట్‌వర్కుకు కలపని ఒక కంప్యూటరులో నెల రోజులు ఉంచి, మొదట ఒకసారి, చివర తాజా యాంటీవైరస్‌తో మరోసారి పరీక్షించండి. ఈ మధ్యలో కొత్తగా బయటపడిన వైరస్‌లు రెండోసారి దొరుకుతాయి.

తర్వాత ఏ దస్త్రం ఏ రకానిదో తేల్చాలి. పేరు చివరనున్న అక్షరాలను నమ్మకండి, వాటిని ఎవరైనా మార్చవచ్చు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉచితంగా ఇచ్చే 'డ్రాయిడ్' అనే సాధనం దస్త్రం లోపల దాని రకాన్ని తెలిపే గుర్తును చూసి, 'ప్రోనమ్' అనే పట్టికతో పోల్చి, రకాన్ని, వెర్షన్‌ను చెబుతుంది. వేలాది దస్త్రాలున్న డిస్కు మీద దీన్ని ఒకసారి నడిపితే ఎన్ని వర్డ్ పత్రాలు, పుస్తకాల, పత్రికల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ దస్త్రాలు ఎన్ని, ఎన్ని గుర్తుతెలియనివి ఉన్నాయో ఒక పట్టిక వస్తుంది. ఇక చేయాల్సిన పనికి ఆ పట్టికే ప్రణాళిక. అచ్చంగా ఒకేలాంటి దస్త్రాలు ఎన్ని ఉన్నాయో కూడా చెక్‌సమ్‌ల ఆధారంగా అక్కడే తెలుస్తుంది.

అయిదో అడుగు: తెలుగు పాఠ్యం

ఇక్కడ కాస్త నిలబడి చెప్పాలి. ఇతర దేశాల ఆర్కైవిస్టులు రాసిన మార్గదర్శకాల్లో ఈ సమస్య దాదాపుగా కనబడదు, మన పెట్టెల్లో మాత్రం సగం సామగ్రి ఇదే. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉన్నా, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి మామూలు కంప్యూటర్లలో తెలుగు నేరుగా కనబడే రోజులు వచ్చినా, డీటీపీ కేంద్రాల్లో, పత్రికల్లో, ముద్రణాలయాల్లో అను, శ్రీలిపి, ఆకృతి వంటి సొంత సంకేతాల ఫాంట్ల మీదే దశాబ్దాల పాటు పని నడిచింది. ఆ దస్త్రం లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు, ఐరోపా భాషల అక్షరాల స్థానాల మీద తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చుని ఉంటాయి. ఫాంటు ఉన్నంతసేపు తెలుగు పేజీ కళకళలాడుతుంది. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అక్షరాలు, ద్రవ్య చిహ్నాలు, కుండలీకరణాలు వరుస కడతాయి. దస్త్రం పాడైందనుకుని తీసేసినవారిని నేను చూశాను. దస్త్రం పాడవలేదు, తాళంచెవి మాత్రమే పోయింది.

అందువల్ల అటువంటి ప్రతి దస్త్రం విషయంలో నాలుగు వస్తువులు కలిపి ఉంచండి. ఒకటి, ముట్టుకోని అసలు దస్త్రం. రెండు, అది వాడిన ఫాంటు పేరు, వెర్షన్, వీలైతే ఆ డిస్కులోనే దొరికిన ఫాంటు దస్త్రం, దాని లైసెన్సు వివరాలు. మూడు, ఆ ఫాంటు ఉన్న యంత్రంలో తెరిచి, ఫాంటును లోపల పొదిగి తీసిన పీడీఎఫ్-ఏ (దీర్ఘకాలం భద్రపరచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్) ప్రతి. నాలుగు, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చిన 7.0 కాబట్టి, దాన్ని నడపగల ఒక పాత కంప్యూటరును బాగుచేసి ఉంచడం మంచి పెట్టుబడి. పేజీలు కూర్చే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ పాత వెర్షన్లు కొన్ని పేజ్‌మేకర్ 6, 7 దస్త్రాలను తెరుస్తాయి గానీ, వరుసలు విరిగే చోట్లు మారిపోతాయి. దాన్ని అసలు పేజీతో పోల్చకుండా అంగీకరించకండి.

పీడీఎఫ్-ఏ అన్నంత మాత్రాన అన్నీ ఒకటే కాదు. దానిని నిర్వచించే ఐఎస్‌ఓ 19005 ప్రమాణంలో 'బి' స్థాయి కంటికి ఒకేలా కనబడుతుందని మాత్రమే హామీ ఇస్తుంది. 'యు' స్థాయి అయితే ప్రతి అక్షరానికి యూనికోడ్ విలువ కూడా ఉండాలంటుంది. అను ఫాంటులోని పేజీ నుంచి తీసిన పీడీఎఫ్ కంటికి చక్కని తెలుగే, అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి అతికిస్తే మాత్రం మళ్లీ ఆ చిహ్నాల వరుసే వస్తుంది. కాబట్టి అది 'బి' స్థాయిదని నమోదు చేసి, వెతకడానికి యూనికోడ్ పాఠాన్ని పక్కన పెట్టండి.

యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, వాటి ఫలితాన్ని చదవకుండా మాత్రం లోపల పెట్టకండి. పాత ఫాంట్లు అక్షరాలను చాలావరకు కంటికి కనబడే వరుసలో దాచుకుంటాయి. 'ప్ర' అని రాస్తే క్రావడి గుర్తు హల్లుకు ముందే ఉండవచ్చు. యూనికోడ్‌లో ముందు పకారం, తర్వాత పొల్లు, ఆ తర్వాత రకారం ఉంటాయి. ఈ క్రమం తిరగేసే చోటే తప్పులు దొర్లుతాయి: ఒత్తు పక్క అక్షరానికి వెళ్తుంది, శకటరేఫం మామూలు రకారమవుతుంది, అరసున్న మాయమవుతుంది. ప్రతి దస్త్రం నుంచి కనీసం ఒక పేజీని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదవండి. పద్యాలు, శాసన పాఠాలు, పాత వ్యాకరణ చర్చలు ఉన్న దస్త్రాలైతే పూర్తిగా చదవాల్సిందే. మార్చిన సాధనం పేరు, వెర్షన్, చదివినవారి పేరు, దొరికిన తప్పుల రకాలు మీరు చేసిన పనుల చిట్టాలో రాయండి.

నేరుగా యూనికోడ్‌లో పుట్టిన పాఠంలోనూ ఒక మెలిక ఉంది. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడడానికి కంటికి కనబడని ఒక గుర్తును నడుమ వాడతారు. అది లేకుండా టైపు చేస్తే కింద ఒత్తు పడుతుంది. కొందరు అది పెడతారు, కొందరు పెట్టరు. ఐత్వం గుర్తు కూడా ఒకే సంకేతంగానో, రెండు సంకేతాల కలయికగానో నమోదు కావచ్చు. అందువల్ల కంటికి ఒకటే అయిన రెండు పేర్లు కంప్యూటరుకు వేర్వేరు పేర్లవుతాయి, వెతికితే ఒకటి దొరికి మరొకటి దొరకదు. అసలు దస్త్రంలో వీటిని సరిదిద్దకండి. వెతుకుడు సూచికలో మాత్రం ఆ గుర్తులను లెక్కలోకి తీసుకోకుండా అమర్చుకోండి.

ఆరో అడుగు: రూపం మార్చాలా, వద్దా

తెలుగు పాఠ్యం కాని మిగతావాటి గురించి ఇంత చెప్పనక్కర్లేదు. ఫొటోల శాశ్వత ప్రతికి టిఫ్, ధ్వనికి వేవ్, పట్టికలకు సీఎస్‌వీ, ఈమెయిళ్లకు జోడింపులతో సహా ఎమ్‌బాక్స్ సురక్షితమైన రూపాలు. జేపెగ్‌గా పుట్టిన ఫొటోను జేపెగ్‌గానే ఉంచినా తప్పులేదు, మళ్లీ జేపెగ్‌గా 'సేవ్' చేయకుండా ఉంటే చాలు. ఎక్సెల్ పట్టికను సీఎస్‌వీ చేస్తే సూత్రాలు, వ్యాఖ్యలు పోతాయి కాబట్టి అసలుదీ ఉండాలి.

డిజిటల్ సంతకం ఉన్న పత్రాల విషయంలో మాత్రం తొందరపడకండి. ప్రభుత్వ కార్యాలయాల ఈ-ఆఫీస్ వ్యవస్థల నుంచి వచ్చే ఉత్తర్వుల్లో ఇవి ఉంటాయి. అటువంటి పీడీఎఫ్‌ను మరో రూపంలోకి మారిస్తే సంతకం చెల్లకుండా పోతుంది. మార్చకపోయినా, సంతకానికి ఆధారమైన ధ్రువపత్రం గడువు కొన్నేళ్లలో తీరుతుంది, అప్పుడు సరిచూడడం కష్టమవుతుంది. చేరిన రోజే సంతకాన్ని సరిచూసి, ఎవరి సంతకం, ఏ తేదీన, చెల్లుబాటుగా ఉందా లేదా అన్నది రాసి, ఆ తెర చిత్రాన్ని కూడా జతపరచండి. అలాగే ఉత్తర్వు ఒక్కటే తీసుకోకుండా దాని వెనుక నోట్ భాగాన్ని కూడా అడగండి. నిర్ణయం ఉత్తర్వులో ఉంటుంది, దానికి కారణాలు నోట్‌లో ఉంటాయి.

ఏడో అడుగు: వరుస చెడకుండా వివరించి, మూట కట్టడం

ఫోల్డర్ల పేర్లు గందరగోళంగా ఉన్నాయని సర్దకండి. "కొత్త ఫోల్డరు 3", "ఫైనల్", "అసలు ఫైనల్" అనే పేర్లు ఆ మనిషి పని చేసిన తీరుకు సాక్ష్యాలు. కాగితపు దస్త్రాల్లో మూలక్రమాన్ని, అంటే తయారుచేసినవారు పెట్టుకున్న వరుసను, ఎందుకు గౌరవిస్తామో ఇక్కడా అందుకే గౌరవించాలి. మీకు కావలసిన సర్దుబాటునంతా వివరణ పట్టికలో చేయండి: ఇచ్చినవారు, కాలం, భాష, ఫాంటు, విషయం, పరిమితులు. దారి పేరు మొత్తం 260 అక్షరాలు దాటితే విండోస్‌లో కొన్ని దస్త్రాలు చెప్పకుండానే వెనకబడిపోవచ్చు కాబట్టి, ఇటు నుంచి అటు తరలించిన ప్రతిసారీ దస్త్రాల సంఖ్యను సరిచూసుకోండి.

మూట కట్టడానికి 'బ్యాగిట్' పద్ధతి సరళమైనది. 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 8493గా వెలువడిన ఈ పద్ధతిలో ఒక ఫోల్డరు, దానిలో 'డేటా' అనే లోపలి ఫోల్డరు, పక్కన ప్రతి దస్త్రం చెక్‌సమ్ రాసిన ఒక జాబితా, మూట వివరాల చీటీ ఉంటాయి. అన్నీ మామూలు పాఠ్య దస్త్రాలే కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ లేకుండా కూడా చదవవచ్చు. అసలు ప్రతులు, పీడీఎఫ్-ఏ, యూనికోడ్ పాఠాలు, ఫొటోలు, ఒప్పందం, మీ చర్యల చిట్టా మొత్తం ఒకే మూటలో ఉండాలి. చిట్టా మూట బయట ఉంటే అది ఎప్పటికైనా విడిపోతుంది.

ఎనిమిదో అడుగు: మూడు చోట్ల, పరీక్షిస్తూ

కనీసం మూడు ప్రతులు ఉంచండి. రెండు వేర్వేరు తయారీదారుల పరికరాల మీద ఉండాలి, ఒకటి మరో ఊళ్లో ఉండాలి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కాలనీలకు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అటువంటప్పుడు ఒకే ఊరిలో రెండు వీధుల్లో ఉన్న ప్రతులను రెండుగా లెక్కపెట్టకూడదు. ఎస్‌ఎస్‌డీలను, పెన్‌డ్రైవులను బీరువాలో పెట్టి మరిచిపోకండి, విద్యుత్తు అందక చాలాకాలం ఉంటే వాటిలోని సమాచారం చెదిరిపోవచ్చు.

ఏడాదికి ఒకసారి మూడు ప్రతుల్లోని చెక్‌సమ్‌లనూ తిరిగి లెక్కించి, చేరిన రోజు జాబితాతో పోల్చండి. ఒక ప్రతిలో తేడా వస్తే మిగతా రెండింటిలో సరైనదాని నుంచి దాన్ని పునరుద్ధరించి, ఆ సంగతి చిట్టాలో రాయండి. ఈ పనికి తేదీ పెట్టుకోకపోతే జరగదు. నవంబరు తొలి గురువారాన్ని ప్రపంచ డిజిటల్ ప్రిజర్వేషన్ దినంగా పాటిస్తారు, మా దగ్గర ఆ వారమంతా ఈ పరీక్షకే కేటాయిస్తాం.

తొమ్మిదో అడుగు: పాఠకుడికి ఇవ్వడం

చదవడానికి వచ్చినవారికి అసలు మూటను ఎన్నడూ ఇవ్వకండి, చూపే ప్రతిని విడిగా తయారు చేయండి. సంఘాల సభ్యత్వ పట్టికల్లో ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ సంఖ్యలు ఉంటాయి. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కనబడకూడదు. పీడీఎఫ్ మీద నల్లని చతురస్రం గీస్తే కింది అంకెలు పోవు, కాపీ చేసి అతికిస్తే బయటపడతాయి. సమాచారాన్ని నిజంగా తొలగించే సాధనంతో చేసి, ఆ చోట కాపీ చేసి చూసి నిర్ధారించుకున్నాకే బయటకు ఇవ్వండి.

పదో అడుగు: తోటి ఆర్కైవిస్టులతో కలిసి

ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. జిల్లాకు ఒకటి చొప్పున విడివిడిగా పాత పేజ్‌మేకర్ యంత్రాలు బాగుచేసుకోవడం కన్నా, నాలుగైదు సంస్థలు కలిసి ఒకటి నడుపుకోవడం తేలిక. డ్రాయిడ్ గుర్తించలేకపోయిన తెలుగు సాఫ్ట్‌వేర్ల దస్త్రాలు మీ దగ్గర ఉంటే, హక్కుల ఇబ్బంది లేని నమూనాలతో ప్రోనమ్ బృందానికి పంపండి. మన దస్త్రాల వివరాలు ఆ పట్టికలో చేరాలంటే పంపాల్సింది మనమే. యూనికోడ్ మార్పిడిలో మీకు దొరికిన తప్పుల జాబితాలను ఇతరులకు ఇవ్వండి, ఒకరు ఒక వారం కూర్చుని పట్టుకున్న తప్పును మరొకరు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

మరో ఊళ్లో ఉంచాల్సిన మూడో ప్రతికీ ఇదే దారి. ఒకరి ప్రతులు మరొకరి దగ్గర ఉంచుకుంటే అందరివీ నిలుస్తాయన్న ఆలోచన మీద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 'లాక్స్' అనే వ్యవస్థను నిర్మించి గ్రంథాలయాల మధ్య నడిపిస్తోంది. అంత వ్యవస్థ లేకపోయినా, తీరంలోని ఒక గ్రంథాలయం, తెలంగాణ పీఠభూమిలోని ఒక సంస్థ ఒక పేజీ ఒప్పందంతో సంకేతపదం పెట్టిన డిస్కులను మార్చుకోవచ్చు. ఆ ఒప్పందంలో నాలుగు మాటలు చాలు: డిస్కు తెరిచే హక్కు ఎవరికి ఉంది, ఏడాది పరీక్ష ఎవరు చేస్తారు, సంస్థ మూతపడితే డిస్కు ఎవరికి చేరాలి, సంకేతపదం మూసిన కవరులో ఎవరి బీరువాలో ఉంటుంది. చివరిదానికి రెండు పేర్లు రాయండి, ఒకరు బదిలీ అయినా రెండోవారు ఉంటారు.